అయిదు గోల్స్, పదిహేడు సెకన్లు



ఆటలంటే గిట్టనివాళ్లు ప్రతి ఇంట్లోనూ ఒకరైనా ఉంటారు. అర్ధరాత్రి దాకా మేలుకుని మ్యాచ్ చూసి, తన జట్టు గెలవగానే ఇల్లు అదిరిపోయేలా కేక పెట్టినవాణ్ణి పట్టుకుని వాళ్లు ఒకటే అడుగుతారు: "ఎవరో ఆడారు, ఎవరో గెలిచారు. మధ్యలో నీకేమొచ్చిందిరా?" అని. నిజమే కదా! బంతి వీడు తన్నలేదు. కప్పు వీడి ఇంటికి రాదు. ఇచ్చే డబ్బులో వీడికి పైసా రాదు. పైగా టికెట్టు కొన్నది వీడే, గొంతు పోగొట్టుకున్నదీ వీడే. అయినా ఆ రాత్రి వీడంత భాగ్యవంతుడు లేడు.

ఈ పూట ఆ ప్రశ్నకి జవాబు వెతుకుదాం. వెతకాలంటే మన దేశంలో కలకత్తాకి వెళ్లాలి. అక్కడ పది నెలల తేడాతో జరిగిన రెండు ఫుట్‌బాల్ మ్యాచ్‌ల కథ చెబుతాను. మొదటి దాంట్లో ఒక జట్టు అయిదు గోల్స్ కొట్టింది. రెండో దాంట్లో ఒకే ఒక్క గోలు. ఆ ఒక్క గోలు కొట్టినవాడు హైదరాబాదు కుర్రాడు.

ముందు ఆ రెండు జట్ల సంగతి. ఒకటి మోహన్ బగాన్, రెండోది ఈస్ట్ బెంగాల్.

మోహన్ బగాన్ 1889లో పుట్టింది. 1911 జూలై 29న ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అనే తెల్లవాళ్ల పటాలం జట్టుని రెండు గోల్స్‌కి ఒకటి తేడాతో ఓడించింది. మనవాళ్లలో బూట్లు వేసుకున్నది ఒక్కడే. మిగతా పదిమందీ వట్టి కాళ్లతోనే ఆడారు. మైదానం చుట్టూ జనం ఎంతగా కిక్కిరిశారంటే, వెనక నిలబడ్డవాళ్లకి ఆట కనిపించే దారి లేదు. స్కోరు వాళ్లకి తెలియడానికి గాలిపటాలు ఎగరేశారు. మన దేశంలో ఫుట్‌బాల్ అభిమాని అనేవాడు నిజంగా పుట్టింది ఆ రోజే అనుకోవచ్చు. దొరని ఎదురుగా నిలబడి, దొర పెట్టిన నియమాలతోనే ఓడించవచ్చని తెలిసిన రోజు అది.

ఈస్ట్ బెంగాల్ పుట్టింది కోపంతో. 1920లో మోహన్ బగాన్‌తో మ్యాచ్ ఉందనగా, జొరాబగాన్ అనే క్లబ్బు తన జట్టులోంచి శైలేశ్ బోస్ అనే తూర్పు బెంగాల్ ఆటగాణ్ణి తప్పించింది. ఆ అవమానం పట్టలేక సురేశ్ చంద్ర చౌధురి అనే పెద్దమనిషి బయటికి వచ్చి, కొందరితో కలిసి కొత్త క్లబ్బు పెట్టాడు. పేరు కూడా తమ ప్రాంతం పేరే పెట్టుకున్నారు. 1930లో పై డివిజన్‌కి వెళ్లే అవకాశం తమకి అన్యాయంగా దక్కకుండా పోయిందని, ఈ క్లబ్బు అభిమానులు కాగడాలు పట్టుకుని ఊరేగింపు తీశారు. ఆ కాగడాయే తర్వాత క్లబ్బు గుర్తయింది. మోహన్ బగాన్ గుర్తు తెరచాప పడవ.

ఆ తర్వాత 1947 వచ్చింది. దేశం రెండు ముక్కలైంది. ఢాకా నుంచి, బరిసాల్ నుంచి, కొమిల్లా నుంచి ఇల్లూ పొలమూ వదులుకుని లక్షలమంది కలకత్తా చేరారు. రైల్వే ప్లాట్‌ఫారాల మీద, ఊరి శివార్లలోని కాలనీల్లో తలదాచుకున్నారు. వాళ్లని అక్కడి పాతకాపులు 'బాంగాల్' అన్నారు, వచ్చినవాళ్లు ఆ పాతకాపుల్ని 'ఘోటి' అన్నారు. ఊరు పోయింది, దేశం పేరే మారిపోయింది. కొత్త ఊళ్లో సొంతమని చెప్పుకోడానికి వాళ్లకి దొరికినవాటిలో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఒకటి. పోయిన ఊరి పేరు వీపు మీద వేసుకుని పదకొండుమంది ఆడుతుంటే, ఆ గెలుపు చూసేవాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ రోజుల్లోనే ఈస్ట్ బెంగాల్ ముందు వరసలో అయిదుగురు ఆడేవారు. అహ్మద్ ఖాన్, సాలే, వెంకటేశ్, ధనరాజ్, అప్పారావు. అయిదుగురూ దక్షిణాది నుంచి వెళ్లినవాళ్లే, వాళ్లలో అప్పారావు మన తెలుగువాడు. బెంగాలీలు ఆ అయిదుగురినీ పంచ పాండవులన్నారు. 1949, 50, 51 సంవత్సరాల్లో వరసగా మూడు షీల్డులు తెచ్చిపెట్టారు వీళ్లు. శరణార్థుల పరువు నిలబెట్టినవాళ్లు బయటి రాష్ట్రాల కుర్రాళ్లు. ఆ విషయం ఎవరికీ వింతగా అనిపించలేదు. ఆ చొక్కా వేసుకున్నవాడు మనవాడే, అంతే.

ఈ పోటీ మైదానంతో ఆగదు, వంటింట్లోకీ వెళ్తుంది. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ ఇళ్లల్లో ఇలిష్ చేప వండాలి. మన గోదావరి జిల్లాల్లో పులస అంటామే, ఆ చేపే. మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు. కలకత్తా లీగ్ ఆడేది వానాకాలంలో, ఇలిష్ ఏటికి ఎదురీదేది కూడా వానాకాలంలోనే. కాబట్టి మ్యాచ్ అయిన మర్నాడు చేపల బజారుకి వెళితే, గెలిచింది ఎవరో ఎవరినీ అడగక్కర్లేదు. ఏది ధర పెరిగిందో చూస్తే చాలు.

మ్యాచ్ రోజు సంగతి కూడా చెప్పాలి. ఆ కాలంలో ఫుట్‌బాల్‌కంటూ పెద్ద స్టేడియం లేదు. మైదాన్‌లో క్లబ్బుల సొంత గ్రౌండ్లు ఉండేవి. చెక్క పలకల గ్యాలరీలు, చుట్టూ కంచె, కంచె బయట గుర్రాల మీద పోలీసులు. తెల్లారకముందే వచ్చి లైన్లో నిలబడేవారు. టికెట్టు దొరకనివాళ్లు ఫోర్ట్ విలియం కోట గట్టు ఎక్కి, అక్కడి నుంచి కనిపించినంత మేర చూసేవారు. అదీ కుదరనివాళ్లు పెరిస్కోపు తెచ్చుకునేవారు. పెరిస్కోపంటే ఏమీ లేదు. పొడుగాటి అట్టపెట్టె, పైన ఒక అద్దం ముక్క, కింద ఒక అద్దం ముక్క. దాన్ని ముందువాళ్ల తలల మీదుగా ఎత్తి, కింది అద్దంలోకి చూడాలి. అరచేతంత అద్దంలో, గోల్ పోస్టులో సగం, ఎవరివో రెండు కాళ్లు కనిపిస్తాయి. దానికోసం గంటన్నర చేతులు పైకెత్తి నిలబడేవారు! ఇళ్లల్లో ఉన్నవాళ్లకి రేడియో. అజయ్ బసు, పుష్పేన్ సర్కార్‌ల బెంగాలీ కామెంటరీ వస్తోందంటే పాన్ దుకాణాల ముందు దారి దొరికేది కాదు. టెలివిజన్ కలకత్తాకి వచ్చిందే 1975 ఆగస్టులో.

సరిగ్గా ఆ ఏడాదే మన మొదటి మ్యాచ్. 1975 సెప్టెంబరు 30, మంగళవారం. దసరాకి రెండు వారాలు ముందు. దేశంలో ఎమర్జెన్సీ నడుస్తోంది. పత్రికల మీద సెన్సారు, సభలకీ ఊరేగింపులకీ ఆంక్షలు. నోరారా అరవడానికి మిగిలిన కొద్ది చోట్లలో ఫుట్‌బాల్ గ్యాలరీ ఒకటి. ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనల్. మోహన్ బగాన్ మీద ఈస్ట్ బెంగాల్.

ఈస్ట్ బెంగాల్ అప్పుడు మంచి ఊపు మీద ఉంది. 1970 నుంచి వరసగా ఆరోసారి కలకత్తా లీగ్ గెలిచింది. కోచ్ ప్రదీప్ కుమార్ బెనర్జీ, అందరూ పి.కె. అనేవారు. ఈయన హైదరాబాదు రహీం సాబ్ శిష్యుడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో రహీం కోచింగ్‌లో మనం దక్షిణ కొరియాని ఓడించి స్వర్ణం గెలిచినప్పుడు, రెండు గోల్స్‌లో ఒకటి పి.కె.దే. మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లని కూర్చోబెట్టి ఈయన ఇచ్చే ఉపన్యాసాన్ని కలకత్తాలో 'వోకల్ టానిక్' అనేవారు.

ఆ రోజు టానిక్ బాగా పని చేసినట్టుంది. అయిదో నిమిషంలో సురజిత్ సేన్‌గుప్తా మొదటి గోలు కొట్టాడు. తర్వాత శ్యామ్ థాపా. తర్వాత రంజిత్ ముఖర్జీ. మళ్లీ శ్యామ్ థాపా. నాలుగు గోల్స్ అయ్యాక మోహన్ బగాన్ తన గోల్‌కీపర్ని మార్చింది. అయినా ఆట ముగిసేలోపు శుభంకర్ సన్యాల్ అయిదోది కొట్టాడు. అయిదు, సున్నా. మధ్యలో శ్యామ్ థాపా ఒక పెనాల్టీ వృథా చేశాడు కూడా. ఈ రెండు జట్ల మధ్య అంత తేడాతో ఓటమి అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

గ్యాలరీలో ఈస్ట్ బెంగాల్ వాళ్లు ఏం చేశారో చెప్పనక్కర్లేదు. గెలుపు ఖాయమైందంటే వాళ్లకి ఒక అలవాటు ఉంది. కూర్చోడానికి కింద పరుచుకున్న న్యూస్‌పేపరు తీసి, చుట్ట చుట్టి, అగ్గిపుల్ల గీసి అంటించి పైకెత్తుతారు. వాళ్ల క్లబ్బు గుర్తు కాగడా కదా! ఒకడు వెలిగిస్తే వాడి దాంతో పక్కవాడు, వాడి దాంతో వాడి వెనకవాడు. చూస్తుండగానే చెక్క గ్యాలరీ అంతా మంటలు. ఆ మంట కింద పడి చెక్కకి అంటుకుంటే ఏమవుతుందని ఆలోచించినవాడు ఒక్కడూ ఉండడు.

ఆ గెలుపు గురించి చెప్పుకునే కథల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. సంగీత దర్శకుడు ఎస్.డి. బర్మన్ మన శ్రోతలందరికీ తెలిసినవారే. ఆయన కొమిల్లాలో పుట్టారు, అంటే పక్కా తూర్పు బెంగాల్ మనిషి. ఈస్ట్ బెంగాల్ క్లబ్బంటే ప్రాణం. ఆయన అప్పటికి బొంబాయిలో స్పృహ లేని స్థితిలో ఉన్నారు. ఎవరు పిలిచినా పలకడం లేదు. కొడుకు ఆర్.డి. బర్మన్ చెవి దగ్గరికి వంగి, "నాన్నా, ఈస్ట్ బెంగాల్ అయిదు గోల్స్‌తో మోహన్ బగాన్‌ని ఓడించింది" అన్నారట. అప్పుడాయన ఒక్కసారి కళ్లు తెరిచారట. అక్టోబరు 31న ఆయన కన్నుమూశారు. చెవిలో నారాయణ నామం చెప్పాల్సిన వేళ ఫుట్‌బాల్ స్కోరు చెప్పారంటే, ఆ ఇంట్లో ఆ క్లబ్బు స్థానం ఏమిటో తెలుస్తోంది.

ఇక రెండో వైపు. మోహన్ బగాన్ ఆటగాళ్లు కొందరు తమ అభిమానుల కోపానికి భయపడి, ఆ రాత్రంతా గంగలో పడవ మీద గడిపారని ఇప్పటికీ చెప్పుకుంటారు. తెరచాప పడవ గుర్తున్న జట్టుకి ఆ రాత్రి అసలు పడవే దిక్కయిందని ప్రత్యర్థులు ఎగతాళి చేశారు. కానీ ఎగతాళికి అందని విషాదం కూడా ఒకటి జరిగింది. ఒక యువ అభిమాని ఆ ఓటమి భరించలేక ప్రాణం తీసుకున్నాడు. వచ్చే జన్మలో మోహన్ బగాన్ ఆటగాడిగా పుట్టి బదులు తీరుస్తానని రాసిపెట్టాడు. అభిమానం గురించి గొప్పగా చెప్పేటప్పుడు ఈ మాట దాచకూడదు. ఏ ఆటా, ఏ కప్పూ ఒక కుర్రాడి ప్రాణం కంటే పెద్దది కాదు. బదులు తీర్చడానికి మరో జన్మ కూడా అక్కర్లేకపోయింది. పది నెలలు ఓపిక పడితే అతను కళ్లారా చూసేవాడే.

ఆ పది నెలల్లో ఏం జరిగింది? పి.కె. ఈస్ట్ బెంగాల్ వదిలి మోహన్ బగాన్‌కి వచ్చేశాడు. ఆయనతోపాటు హైదరాబాదు అన్నదమ్ములిద్దరు కూడా అక్కడికి చేరారు. మహమ్మద్ హబీబ్, మహమ్మద్ అక్బర్.

హబీబ్ గురించి రెండు ముక్కలు. 1949లో హైదరాబాదులో పుట్టాడు. ఆయన ఇల్లంతా ఫుట్‌బాలే, అన్నలు కూడా ఆటగాళ్లే. 1966లో, ఇంకా మీసం సరిగ్గా రాని వయసులో కలకత్తా వెళ్లాడు. మూడు పెద్ద క్లబ్బులకీ ఆడాడు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్. భారీ మనిషి కాదు. కానీ తొంభై నిమిషాలూ ఆగకుండా పరిగెత్తేవాడు, బంతి ఎదుటివాడి దగ్గరుంటే వదిలేవాడు కాదు. ఆ రోజుల్లో పేరున్న ఆటగాడికి ఏ బ్యాంకో, రైల్వేయో ఉద్యోగం ఇచ్చేది. హబీబ్ ఉద్యోగాలు వద్దని ఫుట్‌బాలే తన ఉద్యోగమన్నాడు. బెంగాలీలు ఆయన్ని 'బడే మియా' అని పిలుచుకున్నారు. ఈ వైపు గ్యాలరీ ఒకలా, ఆ వైపు గ్యాలరీ ఒకలా కాదు, రెండు వైపులా అదే పిలుపు. మన హైదరాబాదు మనిషి, హైదరాబాదీ ఉర్దూ మాట్లాడే మనిషి. ఘోటీల ఇంట్లోనూ బాంగాల్‌ల ఇంట్లోనూ గోడ మీద బొమ్మ అయ్యాడు.

1976 జూలై 24, శనివారం. కలకత్తా లీగ్ మ్యాచ్. మళ్లీ అవే రెండు జట్లు. మోహన్ బగాన్ అభిమాని ఆ రోజు ఎలా వచ్చి ఉంటాడో ఊహించండి. పది నెలలుగా ఆఫీసులో, ట్రాములో, పెళ్లిపందిట్లో, సెలూన్లో ఎక్కడికి వెళ్లినా ఎవడో ఒకడు అయిదు వేళ్లు విప్పి చూపిస్తున్నాడు. మాట అక్కర్లేదు, ఆ అరచెయ్యి చాలు. టీ కొట్టులో "ఎన్ని టీలు?" అని అడిగితే, పక్కవాడు కావాలని "అయిదు" అంటాడు. గెలుస్తామన్న నమ్మకం పెద్దగా లేదు. మళ్లీ అయిదు తినకుండా ఉంటే అదే పదివేలు.

రిఫరీ విజిల్ ఊదాడు. మోహన్ బగాన్ బంతి కదిపింది. బంతి వింగర్ ఉలగనాథన్ దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని గోల్ ముందుకి ఎత్తి కొట్టాడు. అక్కడికి దూసుకొచ్చిన అక్బర్ తల తగిలింది. గోలు! గడియారం చూస్తే ఆట మొదలై పదిహేడు సెకన్లు. ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్లు బంతిని తాకనైనా లేదు. గ్యాలరీలో కూర్చోడానికి చోటు సర్దుకుంటున్నవాడు, పక్కవాడికి వేరుశనగకాయల పొట్లం అందిస్తున్నవాడు, గేటు దగ్గర టికెట్టు చింపించుకుంటున్నవాడు, వీళ్లందరికీ తెలిసింది అరుపు ఒక్కటే. అరుపు విని, తర్వాత పక్కవాణ్ణి అడిగి, అప్పుడు ఎగిరారు. ఈ రెండు జట్ల పోటీలో అంత తొందరగా పడ్డ గోలు మరొకటి లేదని కలకత్తా అంతా దాన్ని ఇప్పటికీ పదిహేడు సెకన్ల గోలు అనే చెప్పుకుంటుంది.

ఆ తర్వాత? ఆ తర్వాత ఇంకేమీ జరగలేదు. మ్యాచ్ ఒకటి, సున్నాతోనే ముగిసింది. కానీ ఆ 'ఏమీ జరగకపోవడం' భరించడం ఎంత కష్టమో అభిమానిని అడగండి. అయిదు గోల్స్‌తో గెలిచినవాడు మూడో గోలు దగ్గరే పండగ మొదలుపెడతాడు. ఒక్క గోలుతో గెలిచేవాడికి చివరి విజిల్ దాకా నరకమే. గోలు మొదటి నిమిషం తిరక్కుండానే పడింది కాబట్టి, మిగతా మ్యాచ్ అంతా ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూర్చోవాలి. బంతి తమ గోల్ వైపు వచ్చిన ప్రతిసారీ కళ్లు మూసుకోవాలి. విజిల్ పడ్డాక చాలామందికి అరవడానికి గొంతు కూడా మిగిలి ఉండదు. ఆ ఏడాది లీగ్ కప్పు కూడా మోహన్ బగాన్‌దే. ఈస్ట్ బెంగాల్ ఆరేళ్ల వరస తెగింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. "నీకేమొచ్చింది?" అంటే, ఈ రెండు గెలుపులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తోంది. రికార్డు పుస్తకంలో అయిదు గోల్స్ పెద్దది, ఒక్క గోలు చిన్నది. అభిమాని లెక్కల్లో ఆ రెండూ సమానం. ఎవరి మీద గెలిచాం, ఎన్నాళ్ల తర్వాత గెలిచాం, దానికి ముందు ఎన్ని మాటలు పడ్డాం అన్నదే ఆ లెక్క. ఎదుటివాడు బలంగా ఉండాలి, మనల్ని ఏడిపించి ఉండాలి, గెలిచాక రేపు ఉదయం మనకి ఎదురుపడాలి. ఈ మూడూ ఉంటేనే గెలుపుకి రుచి.

ఈ లెక్క ఎంత విచిత్రమో 1997లో మరోసారి తేలింది. ఫెడరేషన్ కప్పు సెమీఫైనల్. సాల్ట్ లేక్ స్టేడియంలో లక్షా ముప్పై వేలమంది పైచిలుకు జనం. మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా తన కొత్త 'డైమండ్' వ్యూహం గురించి ఊరంతా చెప్పాడు, ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్ల పేర్లని వెక్కిరించాడు. అటువైపు కోచ్ మళ్లీ మన పి.కె.నే, ఈసారి ఈస్ట్ బెంగాల్‌లో. నాలుగుకి ఒకటితో ఈస్ట్ బెంగాల్ గెలిచింది. వెక్కిరింత పడ్డవాళ్లలో ఒకడైన భైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు. అయితే తర్వాత ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ గోవా జట్టు సాల్గావ్‌కర్ చేతిలో ఓడిపోయింది. కప్పు రాలేదు! కానీ ఆ ఏడాది సంగతి ఈస్ట్ బెంగాల్ అభిమానిని ఇప్పుడు అడిగి చూడండి. సెమీఫైనల్ గురించి గంటసేపు చెబుతాడు. ఫైనల్ ఎవరితో ఆడారో గుర్తు చేసుకోడానికి కాస్త టైము పడుతుంది.

అదే 2009లో మోహన్ బగాన్ ఈస్ట్ బెంగాల్ మీద అయిదు గోల్స్ కొట్టింది. చిడి అనే ఆటగాడు ఒక్కడే నాలుగు. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఆ అయిదు అంకె తమ వైపు వచ్చిందని వాళ్లు పులకరించిపోయారు. అయితే ఈస్ట్ బెంగాల్ కూడా మూడు కొట్టింది. ఇంకేం, మర్నాడే జవాబు సిద్ధం: "అయిదు కొట్టారు, సరే. సున్నా ఏదీ?" వాదన ఇప్పటికీ తెగలేదు. తెగకూడదు కూడా. తెగితే మర్నాటి నుంచి టీ కొట్టులో మాట్లాడుకోడానికి ఏముంటుంది?

ఇంతవరకూ చెప్పింది సరదా. కానీ గెలుపు మత్తూ ఓటమి కోపమూ హద్దు దాటితే ఏమవుతుందో కూడా ఆ ఊరికి తెలుసు. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఇవే రెండు జట్లు ఆడుతుండగా గ్యాలరీలో గొడవ మొదలైంది, తొక్కిసలాట జరిగింది. పదహారుమంది చనిపోయారు. మ్యాచ్ చూడ్డానికి ఇంట్లో చెప్పి బయల్దేరినవాళ్లు వాళ్లు. అప్పటి నుంచీ ఏటా ఆగస్టు 16ని కలకత్తాలో ఫుట్‌బాల్ ప్రేమికుల దినంగా జరుపుకుంటున్నారు, ఆ రోజు రక్తదానం చేస్తారు. తమ వల్ల కారిన రక్తానికి ఒక ఊరు చేసుకున్న ప్రాయశ్చిత్తం అనుకోవచ్చు.

ఆటగాళ్ల సంగతి చూస్తే, వాళ్లకి ఇంత పట్టింపు లేదు. 1975లో మోహన్ బగాన్ మీద రెండు గోల్స్ కొట్టిన శ్యామ్ థాపా, 1977లో మోహన్ బగాన్‌కే వచ్చేశాడు. 1978లో ఈస్ట్ బెంగాల్ మీద బైసికిల్ కిక్‌తో ఆయన కొట్టిన గోలు మోహన్ బగాన్ ఇళ్లల్లో పురాణం అయింది. అయిదు గోల్స్ రోజున వలలోంచి బంతి తీసిన మోహన్ బగాన్ గోల్‌కీపర్ భాస్కర్ గంగూలీ తర్వాత ఈస్ట్ బెంగాల్‌కి వెళ్లి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఆటగాడు చొక్కా మారుస్తాడు, కోచ్ మారతాడు, అధ్యక్షుడు మారతాడు. మారనివాడు అభిమాని ఒక్కడే. తాత ఏ జట్టో మనవడూ ఆ జట్టే. నిజానికి క్లబ్బు అంటే వాడే. అందుకే గెలుపు వాడిది కూడా. "ఎవరో ఆడితే" అంటారు చూడండి, ఆ 'ఎవరో' వచ్చిపోయేవాళ్లు. ఉండిపోయేవాడు గ్యాలరీలో ఉన్నాడు.

ఈ అభిమానులు ఒకరి మీద ఒకరు ఎంత కత్తులు నూరినా, ఒకరు లేకుండా ఒకరు లేరు. అది 2024 ఆగస్టులో ప్రత్యక్షంగా కనిపించింది. కలకత్తా ఆర్.జి.కర్ ఆసుపత్రిలో ఒక యువ డాక్టరు మీద జరిగిన అఘాయిత్యానికి ఊరంతా రగిలిపోయింది. ఆ నెల 18న జరగాల్సిన డ్యూరాండ్ కప్పు మ్యాచ్, ఈ రెండు జట్ల మ్యాచే, భద్రత పేరుతో రద్దయింది. మ్యాచ్ లేకపోయినా అభిమానులు మాత్రం సాల్ట్ లేక్ స్టేడియం ముందుకి వచ్చారు. ఎరుపు-బంగారు జెండాలూ, పచ్చ-మెరూన్ జెండాలూ కలిసి వచ్చాయి. మహమ్మడన్ స్పోర్టింగ్ వాళ్లూ వచ్చారు. ఒకే నినాదం, ఆ డాక్టరుకి న్యాయం కావాలని. పోలీసులు లాఠీలు ఎత్తినా కదల్లేదు. వందేళ్లుగా ఎదురెదురు గ్యాలరీల్లో కూర్చున్నవాళ్లకి ఒకరి గొంతు ఒకరికి బాగా తెలుసు. అవసరమైనప్పుడు కలిసి అరవడం వాళ్లకి కొత్తగా నేర్చుకోవాల్సిన పని కాలేదు.

మన ఊళ్లో కూడా ఇప్పుడు ఫుట్‌బాల్ చూసే కుర్రకారు పెరిగారు. 2022 మార్చి 20న గోవాలో హైదరాబాద్ ఎఫ్.సి. కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినప్పుడు, స్టేడియం నిండా పసుపు చొక్కాల కేరళ అభిమానులే. గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. అంత జనం మధ్య తక్కువమందిగా ఉండి గెలవడంలో ఒక రుచి ఉంది. ఆ రుచి తెలిసిన మన కుర్రాళ్లకి నేను చెప్పేది ఇదే. గెలిచిన రోజు గొంతు చించుకోండి, అయిదు వేళ్లూ చూపించండి, టీ కొట్టులో ఆటపట్టించండి. ఓడినవాడు మర్నాడు కూడా అదే టీ కొట్టుకి రాగలిగేంత వరకే అది సాగనివ్వండి. వాడు రావడం మానేస్తే, వచ్చే ఏడాది మీరు గెలిచినా చెప్పుకోడానికి ఎవరూ ఉండరు.

బడే మియా హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాదులో కన్నుమూశారు. మోహన్ బగాన్ వాళ్లూ, ఈస్ట్ బెంగాల్ వాళ్లూ, మహమ్మడన్ వాళ్లూ ఆయన మా మనిషే అన్నారు. మన ఊళ్లో మాత్రం ఆయన నడిచి వెళ్తుంటే గుర్తుపట్టినవాళ్లు తక్కువ. ఇంట్లో ఎవరైనా మ్యాచ్ చూస్తూ కేక పెడితే, ఈసారి "నీకేమొచ్చింది" అనకండి. "మీ జట్టులో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. వాడికి తెలియకపోతే హబీబ్ గురించి, అక్బర్ గురించి, అప్పారావు గురించి మీరే చెప్పండి.